ఒక్క ఉదయం చూసి శాతం కట్టేస్తారా?

ఏడింటికి లెవోడోపా మాత్ర వేసుకుని ఎనిమిదింటికి, వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి వచ్చిన పార్కిన్సన్స్ రోగి డాక్టర్ ముందు కుర్చీలోంచి తనంతట తానే లేస్తాడు. నాలుగడుగులు వేసి చూపిస్తాడు. పదకొండు దాటేసరికి మందు బలం తగ్గుతుంది. చొక్కా గుండీ పెట్టుకోలేడు. గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. సర్టిఫికెట్‌కు ఎక్కేది మాత్రం ఎనిమిదింటి మనిషే. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో సాగిన పింఛన్ల పునఃపరిశీలనలోనూ శాతం 40 కన్నా తక్కువ ఉందంటూ నోటీసులు వెళ్లాయి. రోజులో నాలుగు రకాలుగా ఉండే జబ్బును ఒక్క ఉదయం చూసి తేల్చే పద్ధతినే మేము తప్పుపడుతున్నాం.

బోగస్ సర్టిఫికెట్లు ఉన్నాయన్న మాట నిజమే, వాటిని ఏరాల్సిందే. దానికి 2016 వికలాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ ఉంది: రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దొంగలను పట్టాల్సిన జల్లెడతో రోగులను వడబోయడమేమిటి?

ఆ చట్టమే మెదడు, వెన్నుపాములోని నరాల పొరను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను, పార్కిన్సన్స్‌ను పేరు పెట్టి మరీ వైకల్యాల జాబితాలో చేర్చింది. శిబిరంలో చూసేది ఎక్కువగా చేతిపట్టు, కాలి బలం. పార్కిన్సన్స్‌లో ప్రధానంగా దెబ్బతినేది కండబలం కాదు, కదలిక. ఒళ్లు బిగుసుకుంటుంది, పని మందగిస్తుంది. బలం పరీక్షిస్తే లోపం ఎలా దొరుకుతుంది? స్క్లెరోసిస్ రోగి రెండు దాడుల నడుమ బాగానే నడవవచ్చు, ఎండ తగిలితే చూపు మసకబారవచ్చు. మూర్ఛ రోగికి శిబిరం రోజే ఫిట్స్ రావాలా? 21 రకాల జాబితాలో మూర్ఛ పేరే లేదు. చట్టంలో స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ ‘వంటి’ దీర్ఘకాలిక నాడీ జబ్బులు అన్న మాట ఉన్నా, బోర్డులు దాన్ని చదవాలి కదా.

కేంద్రం తీరు మరీ ఘోరం. చట్టంలో గీత 40 శాతం. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగ పింఛన్‌కు 80 శాతం ఉండాలి, పేదరికపు రేఖకు దిగువన ఉండాలి. ఇంతా చేసి 18–79 ఏళ్ల వారికి ఇచ్చేది నెలకు 300 రూపాయలు.

స్లాట్ వచ్చినవారు ఎమ్మారై ఒక్కటే పట్టుకెళ్లవద్దు. మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో, ఎన్నింటికి బిగుసుకుపోయారో నెల రోజులు రాసిన నోటుబుక్కు, మందు బలం తగ్గినప్పటి నడకను తేదీతో తీసిన వీడియో, న్యూరాలజిస్టు పాత చీటీలన్నీ ఉండాలి. పరీక్ష కోసం మాత్ర మానేయవద్దు, అది ప్రమాదం. శాతం తప్పనిపిస్తే 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

ఈ భారమంతా వణికే చేతుల మీదే ఎందుకు? బోర్డులో న్యూరాలజిస్టు ఉండాలి. మందు పనిచేసే వేళ ఒకసారి, పనిచేయని వేళ ఒకసారి చూడాలి. వెనక్కి తగ్గని జబ్బుకు గడువు పెట్టిన తాత్కాలిక సర్టిఫికెట్లు ఆపాలి. ఫారంలో ‘చివరి మాత్ర ఎన్నింటికి’ అన్న ఒక్క గడి చేర్చడానికి నిధులు అక్కర్లేదు, చట్టసవరణ అంతకన్నా అక్కర్లేదు. ఆ ప్రశ్నైనా అడగని అధికారులకు మనిషి పింఛన్ ఆపే హక్కు ఎవరిచ్చారు?