ఆ గడి ఎందుకని అడిగే ఇంటర్న్ కావాలి

వేసవి సెలవులొస్తే చాలు, లా, ఇంజినీరింగ్ చదివే పిల్లలు ప్రభుత్వ కార్యాలయాల్లో ఇంటర్న్‌షిప్‌ల కోసం దరఖాస్తులు పట్టుకుని తిరుగుతారు. చేరాక వారికి దొరికే పని మాత్రం అక్కడి సెక్షన్ ఆఫీసరు దయ. ఎక్కువమందికి దక్కేది ఎక్సెల్ షీట్లు నింపడం, స్లైడ్లు దిద్దడం, చివరి రోజు సర్టిఫికెట్‌తో ఓ ఫొటో. అదే కార్యాలయాల్లో చేసేవాళ్లు లేక పడి ఉన్న పని ఒకటుంది: దరఖాస్తు ఫారంలో జనం వివరాలు రాసే ప్రతి గడీ ఎందుకని అడగడం.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో తేల్చింది. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అందులోనూ ముఖ్యమైనవాటి అమలుకు 18 నెలల గడువిచ్చారు. ప్రైవేటు సంస్థలకు రూ.250 కోట్ల దాకా జరిమానా భయం ఉంది కాబట్టి, లాయర్లను పెట్టుకుని సర్దుకుంటాయి. మా దిగులు సర్కారీ ఆఫీసుల గురించే. రాయితీలు, పింఛన్లు, ధ్రువపత్రాల విషయంలో చాలా సందర్భాల్లో పౌరుడి సమ్మతి అడగక్కర్లేదని చట్టమే వెసులుబాటు ఇచ్చింది. అయితే అవసరమైన మేరకే వివరాలు తీసుకోవాలని, అక్కర తీరాక ఉంచుకోరాదని, భద్రంగా కాపాడాలని నిబంధనల్లో షరతులు పెట్టింది. ఆ షరతులను గుర్తుచేసే మనిషి ఆఫీసు లోపలే ఉండాలి.

ఏ గ్రామ, వార్డు సచివాలయం కౌంటరు దగ్గరైనా పది నిమిషాలు నిలబడి చూడండి. అర్జీ వెంట ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. ‘అమ్మా, ఓటీపీ వచ్చిందా?’ అంటే ఆ పెద్దావిడ ఫోను పక్కవాడికిచ్చి చదివిస్తుంది. ఆరు అంకెలూ క్యూ అంతా వింటుంది. ఆ జిరాక్సులు ఏ బీరువాలోకి వెళ్తాయో, ఎన్నేళ్లుంటాయో ఆమెకే కాదు, తీసుకున్న ఉద్యోగికీ తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో 161 సేవలతో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ పుణ్యమా అని ఈ తిప్పలు కొంత తగ్గాయి, మంచిదే. కాకపోతే ఆ వివరాలు ఇప్పుడు వాట్సాప్ గుండా వెళ్తున్నాయి.

రికార్డులను కంప్యూటరుకు వదిలేస్తే ఏమవుతుందో తెలంగాణ చూసింది. క్షేత్రస్థాయిలో విచారించకుండా లక్షల రేషన్ కార్డులు ఎగరగొడితే, ఇంటింటికీ వెళ్లి మళ్లీ చూడమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

అందుకే ఇంటర్న్ చేతికి ఓ శాఖ దరఖాస్తు ఫారాలన్నీ ఇవ్వండి. ప్రతి గడి దగ్గరా ఆగి ఇదెందుకు, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అని అడగమనండి. పాతికేళ్లుగా అదే ఫారం చూస్తున్న ఉద్యోగికి తట్టని ప్రశ్న కొత్త కళ్లకు తడుతుంది. ఖాళీ ఫారాలు, పని జరిగే తీరు చూపిస్తే సరిపోతుంది, జనం రికార్డులు తెరిచి ఇవ్వనక్కర్లేదు. గోప్యత నేర్పడానికని పిలిచి పాస్‌వర్డులు పంచితే అంతకన్నా నగుబాటు లేదు.

డబ్బు మాటా తేలాలి. కేంద్ర ఐటీ శాఖ డిజిటల్ ఇండియా ఇంటర్న్‌లకు నెలకు 10 వేలు ఇస్తుంటే, నీతి ఆయోగ్ పైసా ఇవ్వదు. జీతం లేని చోటికి ఢిల్లీలో మేనమామ ఇల్లున్నవాడే వెళ్లగలడు. నల్సార్‌, విశాఖ దామోదరం సంజీవయ్య లా వర్సిటీల విద్యార్థులకు దారులు చాలానే ఉన్నాయి. శ్రీకాకుళం, ఆదిలాబాద్ ప్రభుత్వ డిగ్రీ కళాశాలల పిల్లలను పిలవండి. ఇంట్లో ఈ ఫారాలు నింపిపెట్టేది వాళ్లే.

ఇంటర్న్‌లు రాసిన నివేదికను శాఖ వెబ్‌సైట్లో తెలుగులో పెట్టాలి. ఏ గడి తీసేశారో, ఏది ఎందుకు ఉంచారో అందులో ఉండాలి. రెండు రాష్ట్రాలూ ఈ వేసవికి ఒక్క రెవెన్యూ శాఖతో మొదలుపెట్టినా చాలు.