లేబర్ ఫోర్స్ బయట కూర్చున్న మాయమ్మ గురించి ఒక ఉత్తరం

పని చేయనోళ్లని, పని వెతకనోళ్లని వేసే మహారాజశ్రీ 'శ్రామిక శక్తిలో లేనివారు' అనే కాలమ్ గారికి, అనంతపురం జిల్లా నుంచి రాసుకునేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, ఎవరు పనిలో ఉన్నారో లేరో ఇంటింటికీ తిరిగి అడిగే కేంద్రం వాళ్ల సర్వే (PLFS) మీది, 2025 నుంచి దాని లెక్కలు నెలనెలా వస్తున్నాయి కాబట్టి మీరూ క్షేమమే అనుకుంటా.

పోయిన్నెల మా ఇంటికి ట్యాబ్ పట్టుకొని ఒకాయన వచ్చినాడు. ఎండ మాడిపోతా ఉంది, నీళ్లిచ్చి మంచమ్మీద కూర్చోబెట్టినా. ఎవరెవరు ఏం పని చేస్తారు అని వరసగా అడుగుతా, మీయమ్మగారు ఏం చేస్తారు సార్ అన్నాడు. నేను ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా, మాయమ్మా, ఏం చేయదప్పా, ఇంటికాడే ఉంటాది అనేసినా. ఆయన టిక్కు కొట్టుకున్నాడు, అయిపోయింది.

ఆ టైంలో మాయమ్మ నాకు నాలుగడుగుల దూరంలో గడప పక్కన చేట ముందేసుకొని విత్తనం చెనిక్కాయలు ఒలుస్తా ఉంది. మిషన్‌కేస్తే పప్పు పగిలిపోతాది, పైన ఎర్ర పొట్టు లేస్తే మొలక సరిగ్గా రాదు, అందుకే విత్తనానికి చేత్తోనే ఒలవాల. బొటనవేలి గోరు పక్కన చీలితే గుడ్డపేలిక చుట్టుకొని మళ్లీ టప్ టప్ టప్. సగం మా చేనికి, సగం పక్కింటోళ్లవి, శేరుకింత అని కూలికి. ఒళ్లో పొట్టు, జుట్టులో పొట్టు, నా మాట విని తలెత్తి చూసిందే గానీ ఏమీ అనలేదు.

మొదట మిమ్మల్నే తిడదామని కూర్చున్నా. సర్వేలో ఒక్కో రకం మనిషికి ఒక్కో కోడ్ నంబరు, అందులో 94 మీ కిందదే, అద్దెల మీద బతికే సేటు, రిటైరైన ఆఫీసరు, కొడుకు పంపే డబ్బులతో గడిపేవాళ్లు, అందరికీ ఒకటే బెంచీ, మాయమ్మని కూడా పింఛను వస్తాది కదా అని ఆ బెంచీ మీదే కూర్చోబెట్టినారేమో అని మండింది. తీరా రూల్స్ చదివితే నా మొహానే కొట్టినట్టయింది. వారం లెక్కలో 7 రోజుల్లో ఏదో ఒకరోజు ఒక్క గంట పనిచేసినా పనిలో ఉన్నట్టే, పింఛను వచ్చినా సరే. సొంత చేనికి జీతం లేకుండా సాయం చేసినా పనే, దానికి 21 అని వేరే కోడ్ కూడా ఉంది. అమెరికా లెక్కలో ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా చేసేవాళ్లు వారానికి 15 గంటలు చేస్తేగానీ పనోళ్లు కారంట, ఆ విషయంలో మనోళ్లది పెద్ద మనసే! మాయమ్మకి రెండు మ్యాకలు కూడా ఉండాయి, వాటిని మేపడం కూడా పనే. అంటే ఆమెని మీ దగ్గరికి తోసింది నేను, మీరు కాదు.

అయినా మిమ్మల్ని పూర్తిగా వదల్ను. మా చెల్లెలు, బావ బెంగుళూరులో బిల్డింగ్ పనికి పోయినారు, పిల్లోళ్లిద్దరూ ఇక్కడే. పొద్దున్నే లేపి, సంగటి తినిపించి, బడికి తోలి, రాత్రి జ్వరమొస్తే తడిగుడ్డ వేసేది మాయమ్మే. ఇదంతా ఇంటి పని, కోడ్ 92, అదీ మీ కాలమ్ కిందదే, ఇంకొకరి పిల్లోళ్లని డబ్బులు తీసుకొని చూస్తే మాత్రం ఉద్యోగం. అవ్వ ఇక్కడ 92గా ఉండబట్టే కదప్పా ఆ ఇద్దరూ అక్కడ మీ లెక్కలో పనోళ్లయింది! మా జిల్లాలో సగం ఊర్లు ఇట్లాంటి అవ్వల మీదే నిలబడి ఉండాయి, ఆ సగం ఏ సర్వేలో చూసినావు అంటారేమో, బడి గేటు కాడ నిలబడి చూస్తే తెలుస్తాది.

సరే, తప్పు దిద్దుకుందామని రాత్రి అన్నం తినేటప్పుడు చెప్పినా, మా, ఆ సార్ మళ్లీ వస్తే నువ్వు పని చేస్తావని చెప్తా అని. ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది.

"పని చేస్తానని రాస్తే ఒకటో తారీఖు నాలుగు వేలు ఆపేస్తారేమో నాయనా?"

ఈ సర్వేకీ దానికీ సంబంధం లేదు మా, పింఛను లిస్టు వేరు అన్నా. నమ్మలేదు. 3000 నుంచి 4000 అయ్యింది 2024 జూలైలో, ఆ వెయ్యి మనవరాలి స్కూలు బూట్లకని ముందే లెక్కేసి పెట్టుకునింది.

"వద్దులే, ఏం చేయదనే రాయించు," అని ఎంగిలి చేయి కడుక్కొని మళ్లీ చేట దగ్గరికి పోయింది.

ఇట్లు,
కోడ్ 94 గారి కొడుకు