కపిల్ శర్మ బలం సోఫాలో లేదు, ప్రేక్షకుల్లో ఉంది

హిందీ టీవీ కమెడియన్ కపిల్ శర్మ షోలో నాకు బాగా నచ్చేది, స్టార్లు వచ్చి సోఫాలో సర్దుకున్నాక ఆయన వాళ్లను కాసేపు పక్కనపెట్టి ప్రేక్షకుల వైపు తిరిగే ఘట్టం. ఎవరో ఒకాయన లేచి మైక్ పట్టుకుంటాడు, పక్కన భార్య. ఏ ఊరు, ఏం చేస్తుంటారు, పెళ్లయి ఎన్నేళ్లయింది? రైల్లో ఎదురు సీటాయన అడిగే ప్రశ్నలే. రెండు నిమిషాల్లో ఆ మనిషి బెరుకు పోతుంది, కపిల్ మీదే ఎదురు పంచ్ వేస్తాడు. అప్పుడు అందరికంటే గట్టిగా నవ్వేది కపిలే.

ఈ చనువు ఆయనకు ఇంటి నుంచే వచ్చిందని నాకనిపిస్తుంది. అమృత్‌సర్‌లో పోలీసు హెడ్ కానిస్టేబుల్ కొడుకు. 2004లో తండ్రి క్యాన్సర్‌తో పోయారు. 2007లో ‘ద గ్రేట్ ఇండియన్ లాఫ్టర్ చాలెంజ్’ మూడో సీజన్ గెలిచి, ఆ డబ్బుతో ఇంట్లో ఆడపిల్ల పెళ్లి చేశాడు. 2013లో కలర్స్ చానల్లో ‘కామెడీ నైట్స్ విత్ కపిల్’ మొదలుపెట్టినప్పుడు మామూలు టాక్ షోలా కుర్చీలు వేసి ఊరుకోలేదు. ఒక ఇల్లే కట్టాడు. అందులో పెళ్లి కాని మేనత్త, మందు కొట్టే నానమ్మ, పిలవకుండా వచ్చే గుత్థీ. ఎంత పెద్ద హీరో వచ్చినా ఆ ఇంటికి వచ్చిన చుట్టమే. సినిమా ప్రమోషన్ అని తెలిసినా జనం విసుక్కోకుండా చూశారంటే కారణం ఇదే.

మన దగ్గర కమెడియన్ హోస్ట్ అంటే ముందు గుర్తొచ్చేది ‘అలీతో సరదాగా’. అలీ దారి వేరు. తన కామెడీని తగ్గించుకుని పాత నటీనటుల కష్టసుఖాలు విన్నాడు. కపిల్ అంతసేపు వినడు. అతిథి మాట పూర్తయ్యేలోపే జోక్ వచ్చేస్తుంది. ‘ఆర్ఆర్ఆర్’ కోసం రాజమౌళి, ఎన్టీఆర్, రామ్‌చరణ్ వెళ్లినప్పుడు తెలుగువాళ్లం ఎంతో ఆశగా చూశాం. నవ్వుకున్నాం కూడా. కానీ అంత సినిమా తీసినవాళ్లను ఇంకాస్త మాట్లాడిస్తే బాగుండేది.

దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒంటి తీరు మీద జోకులు. భార్య పాత్ర వేసిన సుమోనా చక్రవర్తి పెదాల మీద ఎన్ని ఎపిసోడ్లలో అవే మాటలు! లావుగా ఉన్నారని, మగవాళ్లు చీర కట్టారని నవ్వించడం ఆ షోకి సులువైన దారి అయిపోయింది. ప్రేక్షకుల్లోని మామూలు మనిషితో అంత అందంగా పరాచికాలాడగల వాడికి ఆ అవసరమే లేదు.

2017 మార్చిలో మెల్‌బోర్న్ నుంచి వస్తూ విమానంలో గుత్థీ వేషం వేసిన సునీల్ గ్రోవర్‌తో కపిల్‌కు గొడవైంది. సునీల్‌తో పాటు నానమ్మ వేషం వేసిన అలీ అస్గర్ కూడా షోకి దూరమయ్యాడు. కపిల్ ఆరోగ్యం బాగోక షూటింగులు రద్దయ్యాయి. కలర్స్ తర్వాత సోనీకి మారిన షో ఆగస్టుకల్లా ఆగిపోయింది. 2018లో ‘ఫ్యామిలీ టైమ్’ పేరుతో సునీల్, అలీ అస్గర్ లేకుండా తిరిగొస్తే కొన్ని ఎపిసోడ్లకే మూతపడింది. అప్పటి డిప్రెషన్ గురించి, తాగుడు గురించి కపిల్ తర్వాత తనే చెప్పుకున్నాడు. పేరున్నవాళ్లు దాచుకునే విషయం అది. ఆ ధైర్యానికి నాకు గౌరవం ఉంది. కానీ ఆ ఏడాది ఇంకోటి కూడా బయటపడింది. కపిల్ ఒక్కడే అయితే షో నిలబడదు. బంతి విసిరితే తిరిగి కొట్టేవాళ్లు ఎదురుగా ఉండాలి.

2018 చివర్లో మళ్లీ సోనీకి వచ్చి నిలదొక్కుకున్నాడు. 2024 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో కొత్త షో మొదలైనప్పుడు అందరి చూపూ అతిథుల మీద లేదు. ఏడేళ్ల తర్వాత మళ్లీ స్టేజీ మీద కపిల్ పక్కన సునీల్ గ్రోవర్ నిలబడ్డాడు.