పాలమూరు ఎండ, నల్లగొండ నీళ్లు, మనిషి వయసు

మా అమ్మకు 62 ఏళ్లు, చిన్నమ్మకు 57. ఇద్దరూ కలిసి పెళ్లికి పోతే అందరూ చిన్నమ్మనే పెద్దామె అనుకుంటారు. అమ్మ పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చేసింది. చిన్నమ్మ నాగర్‌కర్నూల్ దగ్గర పత్తి చేన్లలోనే ఉంది. మొన్న గాజులు వేసుకుంటూ రవిక చేయి పైకి లాగింది. రవిక కప్పినంత మేర చర్మం అమ్మ చర్మంలాగే నున్నగా ఉంది. ఆ కింద మణికట్టు దాకా కమిలిపోయి, ఎండిన చెరువు మట్టిలా గీతలు.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను దెబ్బతీస్తాయి. 2012లో అమెరికా వైద్య పత్రిక ఒకటి 69 ఏళ్ల ట్రక్ డ్రైవర్ ఫొటో వేసింది. 28 ఏళ్లు కిటికీ వైపు ఉన్న ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతోంది, కుడి చెంప చాలా నయం. అద్దం అడ్డున్నా అంత నష్టం! మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొంత కాపు కాస్తుంది గానీ, ఏళ్ల తరబడి చేను ఎండకు అది చాలదు.

నల్లగొండలో నీళ్లు ఇంకా ఘోరం చేశాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మర్రిగూడ వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. అవి తాగి పెరిగినవాళ్లకు పళ్లు గారపట్టి, నడివయసుకే నడుము వంగి, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చింది. ముఖాన ముడత లేకున్నా అట్లాంటి మనిషిని చూసి ‘తాతా’ అని పిలుస్తాం. కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లలకు ఆ ముప్పు తగ్గింది. బిగుసుకున్న ఎముకలు మాత్రం మళ్లీ సడలవు.

‘ఒంటి మీద శ్రద్ధ లేదు’ అని వీళ్లను అంటే నాకు కోపమొస్తుంది. ఇది అందం గొడవ కూడా కాదు. 70 దాటిన 1,826 మంది డెన్మార్క్ కవలల మీద జరిగిన అధ్యయనం 2009లో వచ్చింది. వయసు కంటే పెద్దగా కనిపించినవాళ్లే ముందు పోయే అవకాశం ఎక్కువని తేలింది. కరువు పని (ఉపాధి హామీ పని) దగ్గర నీడ, తాగునీళ్లు ఉండాలని చట్టంలోనే రాశారు. ముందు అవి ఇవ్వాలి. మండలానికో పళ్ల డాక్టరూ కావాలి, పళ్లు పోతే బుగ్గలు లోపలికి పోయి పదేళ్లు మీదపడ్డట్టు కనిపిస్తారు.

చిన్నమ్మకు దవడ పళ్లు నాలుగు పోయాయి. కట్టుడు పళ్లకు మహబూబ్‌నగర్ పోదామంటే, “పత్తి ఏరుడు అయినంక చూద్దాం బిడ్డా, కూలి పోతది” అంటోంది.