పరిమితి విధించే కౌన్సిల్‌కు వాటా ఎందుకు?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పిల్లల ఐస్ హాకీ జట్లకు, మాజీ సైనికుల సంఘాలకు, అగ్నిమాపక సిబ్బంది సహాయ నిధులకు డబ్బు సమకూరే ప్రధాన మార్గాల్లో జూదం ఒకటి. బార్లలో పుల్‌ట్యాబ్ అనే చిన్న అట్ట చీటీలు అమ్ముతారు. చీటీ మీద అతికించిన రేకులు చింపినప్పుడు లోపలి గుర్తులు కలిస్తే బహుమతి దక్కుతుంది. ఈ అమ్మకం బారు యజమానిది కాదు. లైసెన్సు పొందిన లాభాపేక్షలేని సంస్థ అక్కడ చోటు అద్దెకు తీసుకుని ఆట నడుపుతుంది. కనీసం 15 మంది క్రియాశీల సభ్యులు, మూడేళ్ల ఉనికి ఉన్న సంస్థలే ఇందుకు అర్హులు. బింగో, రాఫుల్ (టికెట్ల లాటరీ), ప్యాడిల్‌వీల్ (అంకెల చక్రం), టిప్‌బోర్డు (చీటీలు అతికించిన బోర్డు) కూడా చట్టం అనుమతించినవే అయినా, డబ్బంతా దాదాపు పుల్‌ట్యాబ్‌లలోనే తిరుగుతుంది.

లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర గ్యాంబ్లింగ్ కంట్రోల్ బోర్డు. కానీ ఫలానా బారులో ఆట నడపాలంటే అక్కడి నగర కౌన్సిల్ గానీ కౌంటీ (జిల్లా వంటి విభాగం) బోర్డు గానీ ఆమోద తీర్మానం చేయాలి. రాష్ట్ర చట్టం ఈ స్థానిక సంస్థలకు చాలా అధికారమే ఇచ్చింది: రాష్ట్రం కంటే కఠినమైన నిబంధనలు పెట్టవచ్చు, తమ పరిధిలో ఆటలను పూర్తిగా నిషేధించనూ వచ్చు. బహుమతులు పోగా మిగిలిన సొమ్ముపై 3 శాతం మించకుండా పన్ను వేయవచ్చు గానీ, దాన్ని పర్యవేక్షణ ఖర్చులకే వాడాలి. లాభంలో కొంత తమ ప్రాంతంలోనే ఖర్చు చేయాలని షరతు పెట్టవచ్చు. వీటన్నిటికీ తోడు, సంస్థల నికర లాభంలో 10 శాతం వరకు నగరమే పంపిణీ చేసే నిధిలో జమ చేయాలని కోరవచ్చు. ఈ వ్యాసం అభ్యంతరమల్లా ఈ చివరి అధికారం మీదే.

ముందు కౌన్సిళ్లు పెట్టగల సంఖ్యా పరిమితుల సంగతి చూద్దాం. ఒక సంస్థ ఇన్ని బార్లకు మించి నడపకూడదని, ఊళ్లో ఇన్నేళ్లుగా పనిచేస్తున్న సంస్థకే అనుమతి ఇవ్వాలని నియమం పెట్టుకోవడంలో ఒక న్యాయం లేకపోలేదు. అడ్డులేకపోతే పెద్ద యంత్రాంగమున్న ఏదో బయటి సంస్థ రద్దీ బార్లన్నిటినీ చేజిక్కించుకుని, ఊరి జేబుల్లోంచి వచ్చిన డబ్బును మరో ఊరికి తరలించగలదు. అయితే ఇలాంటి నియమాల వల్ల ఆచరణలో మేలు కలిగేది ఎక్కువగా ముందే పాతుకుపోయినవారికి. మిన్నెసోటాలో సోమాలీలు, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన మాంగ్ ప్రజలు వంటి వలస సముదాయాలు 1970ల మధ్య నుంచి స్థిరపడుతూ వచ్చాయి. వారి సంఘాలు అర్హత సంపాదించుకునే నాటికి మంచి బార్లన్నీ ఎప్పటినుంచో ఉన్న సంఘాల చేతుల్లో ఉంటాయి. డబ్బు ఊరు దాటకూడదన్నదే లక్ష్యమైతే, ఖర్చు ఎక్కడ జరగాలో చెప్పే షరతు ఆ పనిని నేరుగా చేస్తుంది. దానికి లైసెన్సులు లెక్కపెట్టనక్కర్లేదు.

రాష్ట్రం ఎందుకు నమ్మదగిన కాపలాదారు కాదో 2012 నాటి చట్టం చెబుతుంది. మినియాపొలిస్‌లో వైకింగ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టేడియానికి రాష్ట్రం తన వంతుగా 34.8 కోట్ల డాలర్లు పెట్టాల్సి వచ్చినప్పుడు, ఆ డబ్బు కోసమే అట్ట చీటీలకు బదులు తెర మీద ఆడే ఎలక్ట్రానిక్ పుల్‌ట్యాబ్‌లకు అనుమతి ఇచ్చింది. తొలి ఏడాది అంచనాలు ఘోరంగా తప్పి, ప్రభుత్వం ఇతర పన్నుల వైపు చూడాల్సి వచ్చింది. తర్వాత ఆ తెరల మీది ఆట ఎంతగా పెరిగిందంటే, 2023లో స్టేడియం అప్పు గడువుకు ముందే తీరిపోయింది. అదే ఏడాది శాసనసభ, ఒక్క మీట నొక్కితే రేకులన్నీ తెరుచుకుని కాసినోల్లోని స్లాట్ మిషన్‌ను తలపించే సదుపాయాన్ని 2025 జనవరి నుంచి తొలగించాలని నిర్ణయించింది. స్టేడియానికి డబ్బు కావలసి ఉన్నన్నాళ్లూ ఆ పోలిక శాసనసభను పెద్దగా ఇబ్బంది పెట్టినట్టు లేదు. సంస్థలు కట్టే పన్నులో పై శ్లాబు అప్పట్లో 36 శాతం. ఆట ఎంత సాగితే అంత రాబడి పొందే ప్రభుత్వం దాన్ని తగ్గించమంటుందని ఆశించలేం.

కాబట్టి అడ్డు చెప్పగలిగేది స్థానిక కౌన్సిలే. ఏ బారు దగ్గర గొడవలవుతున్నాయో, ఏ కుటుంబం చితికిపోతోందో ముందుగా తెలిసేది అక్కడివారికే. కానీ 10 శాతం నిధి ఆ కౌన్సిల్‌ను కూడా రాష్ట్రం కూర్చున్న పీట మీదే కూర్చోబెడుతుంది. పార్కు బాగుచేయడానికో, పోలీసు పరికరాలు కొనడానికో ఆ నిధి మీద ఆధారపడిన నగరం కొత్త అనుమతి వద్దని ఎన్నిసార్లు అనగలదు? పైగా ఈ నిధిని పంచేవాడే తీర్మానంపై ఓటు వేసేవాడు కావడంతో, అనుమతి కోరే సంఘం ఆయన మాట కాదనలేదు. 3 శాతం పన్ను విషయంలో చట్టం ఈ ప్రమాదాన్ని గుర్తించి వాడకానికి గీత గీసింది. 10 శాతం దగ్గర ఆ జాగ్రత్త సడలింది.

ప్రవాస తెలుగువారికి ఇది పూర్తిగా పరాయి విషయమేమీ కాదు. సంఘాల విందుల్లో టికెట్లు అమ్మి తీసే రాఫుల్ కూడా మిన్నెసోటాలో ఈ చట్టం కిందికే వస్తుంది. ఏడాదిలో బహుమతుల విలువ చట్టం పెట్టిన పరిమితి దాటితే, అనుమతి లేకుండా నడిపే వెసులుబాటు పోయి అనుమతుల ప్రక్రియ మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పరిస్థితి వేరు. 1974 నాటి గేమింగ్ చట్టం కింద పంచాయతీకి గానీ మునిసిపాలిటీకి గానీ ఇలాంటి అనుమతులిచ్చే అధికారం లేదు. అంతా పోలీసుల చేతిలోనే ఉంటుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ నిషేధించాయి. అయినా సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరులు వెలుస్తూనే ఉన్నాయి, ఆ డబ్బుకు ఊరికి చెప్పే లెక్క మాత్రం ఉండదు. అందుకని మిన్నెసోటా పద్ధతిని ఇక్కడికి తెచ్చుకోవాలని వాదించడం లేదు. అక్కడ కనీసం లెక్క ఉంది, తగువు ఆ లెక్క ఎవరి చేతిలో ఉండాలన్న దాని గురించి.

మిన్నెసోటా శాసనసభ చేయగల మార్పు చిన్నదే. స్థానిక నిషేధాధికారాన్ని, ప్రాంతీయ ఖర్చు షరతును ఉన్నవి ఉన్నట్టు ఉంచి, 10 శాతం నిధి పంపిణీని కౌన్సిల్ నుంచి తప్పించి, అనుమతుల తీర్మానాలతో సంబంధం లేని పౌర సంఘానికి అప్పగించవచ్చు. అదీ కుదరదంటే, ఆ సొమ్మును నగరం తన బడ్జెట్ పనులకు వాడకూడదని, జూద వ్యసన చికిత్సకు, పిల్లల కార్యక్రమాలకు మాత్రమే ఇవ్వాలని చట్టంలో రాయవచ్చు. నగరాలు దీన్ని వ్యతిరేకిస్తాయి. ఎంత గట్టిగా వ్యతిరేకిస్తాయో చూస్తే, ఆ నిధికి అవి ఇప్పటికే ఎంతగా అలవాటుపడ్డాయో తెలుస్తుంది.