ఎడిషన్ చూడకుండా చదివితే

ప్లాన్ 9 న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో, యూనిక్స్ పుట్టిన విభాగంలోనే తయారైన పరిశోధన ఆపరేటింగ్ సిస్టమ్. ఎంటెక్ చదివే తమ్ముడు దాని 9పీ ప్రోటోకాల్‌కి, అంటే ఫైళ్ళ కోసం సర్వర్‌తో మాట్లాడే మెసేజ్‌ల పద్ధతికి, క్లయింట్ రాస్తున్నాడు. అక్కది సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ ఉద్యోగం.

తమ్ముడు: మూడు రోజుల నుంచీ ఇదే గొడవ అక్కా. మొదటి మెసేజ్‌కే సర్వర్ కనెక్షన్ తెంచేస్తోంది. నెట్‌లో వెతికితే ముందు ఓ పాత సినిమా వస్తుంది, ఈ సిస్టమ్‌కి పేరు దాన్నుంచే పెట్టారట. ఆ తర్వాత దొరికేవి ఒకదానికొకటి పొసగవు. దీనికి డాక్యుమెంటేషన్ లేదనే అంటాను.

అక్క: లేదనకు. నువ్వు చదివింది ఏ ఎడిషన్‌ది?

తమ్ముడు: ఎడిషన్ ఏదైతేనేం? 9పీ అంటే 9పీయే కదా.

అక్క: కాదురా! ప్లాన్ 9 మూడో ఎడిషన్ 2000లో, నాలుగోది 2002లో వచ్చాయి. నాలుగోదాంట్లో ప్రోటోకాల్‌నే మార్చి 9పీ2000 అన్నారు. ఏదీ, నీ మెసేజ్ చూపించు. మొదటి బైట్‌లోనే టైప్ పెట్టావు, అది పాత పద్ధతి. ఇప్పుడు ముందు నాలుగు బైట్లు సైజు, ఆ తర్వాతే ఒక బైట్ టైప్, రెండు బైట్ల ట్యాగ్, అంటే ఏ జవాబు ఏ మెసేజ్‌దో తెలిపే గుర్తు. మొదట పంపే వెర్షన్ మెసేజ్‌కి ఇంకో నాలుగు బైట్లు గరిష్ఠ సైజుకి, రెండు పొడవుకి, ఆరు ‘9పీ2000’ అనే అక్షరాలకి. మొత్తం 19. అంటే మొదటి బైట్ హెక్స్‌లో, పదహార్ల లెక్కలో, 13 ఉండాలి. నీ టైప్‌నీ ట్యాగ్‌నీ కలిపి సర్వర్ సైజుగా చదువుకుంటోంది.

తమ్ముడు: ఇదంతా ఎక్కడ రాసుంది?

అక్క: మాన్యువల్ ఐదో సెక్షన్, మొదటి పేజీ. సిస్టమ్‌లోనే ఉంటుంది, నెట్‌లోనూ ఉంది. చాలా పేజీల చివర ‘సోర్స్’ అని ఆ ప్రోగ్రామ్ ఫైల్ ఎక్కడుందో కూడా రాసి పెట్టారు. అనుమానం వస్తే కోడే తెరిచి చూసుకోవచ్చు.

తమ్ముడు: ఆ పేజీ చూశాను. తెలిసినవాళ్ళకి గుర్తుచేస్తుందే తప్ప తెలియనివాళ్ళకి నేర్పదు. ఇది ఎందుకిలా ఉందో ఒక్క ముక్క చెప్పదు. అర్థం కాకే కదా బయట వెతికింది!

అక్క: ఆ మాట నిజమే. ఆ ‘ఎందుకు’ మాన్యువల్ రెండో సంపుటంలోని పరిశోధన పత్రాల్లో ఉంది. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 సంగతి చూడు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దాన్ని తయారుచేసి ప్లాన్ 9 మొత్తానికీ పెట్టేశారు. అందులో తెలుగు కోడ్‌పాయింట్, అంటే నంబరిచ్చిన ఒక్కో లిపి గుర్తు, మూడు బైట్లు. పాత 9పీలో ఫైల్ పేరుకి, పేరు ముగిసిందని చివర పెట్టే సున్నా బైట్‌తో కలిపి, 28 బైట్లే చోటు. తొమ్మిది కోడ్‌పాయింట్లు దాటితే తెలుగు పేరు పట్టేది కాదు. ఇప్పుడు పేరు ముందు దాని పొడవు రాస్తారు, అదీ బైట్లలో. ‘అమ్మ’లో అ, మ, పొల్లు, మ అని నాలుగు కోడ్‌పాయింట్లు, అంటే 12. నువ్వు అక్షరాలు లెక్కపెట్టి రెండని రాస్తే మళ్ళీ ఇక్కడికే వస్తావు.

తమ్ముడు: చూశావా, నువ్వు పక్కన కూర్చుని చెబితే పది నిమిషాల్లో ఎక్కింది. నీలాంటి అక్క లేనివాళ్ళ గతేంటి? వాళ్ళకి మాన్యువల్ చాలదక్కా. మొదటి మెసేజ్‌ని ఇలా బైటు బైటుగా విప్పి చూపించే పాఠం ఒకటి కావాలి.

అక్క: అయితే నువ్వే రాయి. కానీ మొదటి వరుసలోనే ఏ ఎడిషనో వెయ్యి.

తమ్ముడు: వేస్తాలే. ముందు ఈ 13 పెట్టి పంపనీ.