చదివించే పిల్లలకు నష్టమనే వాదనపై

"చదవలేని పిల్లల పక్కన బాగా చదివేవారిని కూర్చోబెట్టడం విదేశీ మోజు. దానివల్ల తెలివైనవారి సమయం వృథా, వెనకబడినవారికి చిన్నతనం. చదువు చెప్పవలసింది ఉపాధ్యాయులే." చెన్నైలోని తెలుగు కుటుంబాల వాట్సాప్ గుంపుల్లో తిరుగుతున్న సందేశం సారాంశమిది.

విదేశీ మోజు అన్న మాట ఈ ఊళ్ళోనే చెల్లదు. 18వ శతాబ్దం చివర ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి ఆ పద్ధతిని తన బడికి తెచ్చి, దాన్ని నేర్పే పనిని ఎనిమిదేళ్ళ విద్యార్థి జాన్ ఫ్రిస్కెన్‌కు అప్పగించాడు. 1797లో లండన్‌లో అచ్చయిన బెల్ నివేదికతో, పిల్లలే పిల్లలకు నేర్పే ఆ తీరు 'మద్రాసు పద్ధతి'గా ఇంగ్లండుకు వెళ్ళింది. అక్కడది ఒక్క గురువుతో వందలమందిని నెట్టుకొచ్చే చవక ఏర్పాటుగా దిగజారిందన్నదీ నిజమే.

సమయం వృథా అన్నదానికి ఆధారం లేదు. కోహెన్, కులిక్, కులిక్ అనే పరిశోధకులు 1982లో ప్రకటించిన సమీక్షలో, చదివించిన పిల్లల ఫలితాలను కొలిచిన 38 అధ్యయనాల్లో 33 చోట్ల, చదివించనివారికంటే వారే ముందంజలో ఉన్నారు. కారణం ఊహించలేనిదేమీ కాదు. తమిళంలో జంట హల్లులు పక్కపక్కనే ఉంటాయి కనుక, ఆ లిపికి అలవాటుపడిన పిల్లవాడి కన్ను తెలుగులో కిందనుండే ఒత్తును దాటేస్తుంది. 'అక్క'ను 'అక' అని చదువుతాడు. ఎందుకు తప్పో వాడికి విప్పి చెప్పవలసివచ్చిన ఆరో తరగతి అమ్మాయి, అంతవరకు అలవాటుగా చదివేసినదాన్ని మొదటిసారి ఆలోచించి చూస్తుంది.

చిన్నతనం గురించి ఆ సందేశం పూర్తిగా తప్పు చెప్పలేదు. ఒకే తరగతిలో మొదటి ర్యాంకునూ చివరి ర్యాంకునూ జత చేస్తే అవమానమే మిగులుతుంది. ఒకటి రెండు తరగతులు పెద్దవారైతే ఆ పోటీ ఉండదు. విద్యా పరిశోధకుడు కీత్ టాపింగ్ ప్రచారంలోకి తెచ్చిన జంట పఠనంలో ఇద్దరూ కలిసి పైకి చదువుతారు, ధైర్యం వచ్చినప్పుడు చిన్నవాడు సైగ చేసి ఒంటరిగా సాగుతాడు, తడబడితే పెద్దవారు నాలుగైదు సెకన్లు ఆగి ఆ మాట అందిస్తారు. నలభైమంది ఎదుట లేచి నిలబడి తడబడటంకంటే ఇదెలా ఎక్కువ చిన్నతనమో సందేశకర్తలే చెప్పాలి.

ఇక ఉపాధ్యాయుల పని. అక్షరాలే గుర్తుపట్టలేని పిల్లలకు నేర్పవలసింది నిస్సందేహంగా వారే. జతలు కుదర్చడం, పుస్తకం ఎంచడం, మాట అందించే తీరు పెద్దపిల్లలకు నేర్పడం కూడా వారి బాధ్యతే. అయితే నలభై నిమిషాల పీరియడులో నలభైమంది వంతులవారీగా చదివితే తలా ఒక్క నిమిషమే దక్కుతుంది. జతలుగా కూర్చుంటే చిన్నవారందరూ ఒకేసారి చదవగలరు, ఆ సేపంతా అక్షరాలు రానివారి పక్కన కూర్చోవడానికి ఉపాధ్యాయురాలికి తీరిక దొరుకుతుంది.